వానకు నిలిచిన గోడలు: లిటిల్ ఇండియా దారి వెంట

చిలీలోని అటకామా ఎడారిలో, పాన్ అమెరికన్ హైవే పక్కన, నేలలోంచి పైకి లేచినట్టు 11 మీటర్ల ఎత్తున ఒక చెయ్యి కనపడుతుంది. మారియో ఇరారాసబల్ అనే శిల్పి ఇనుము, సిమెంటులతో చేసి 1992లో నిలిపిన చెయ్యి అది. ఇన్నేళ్లలో దాన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది వచ్చేపోయేవాళ్లు దాని మీద గీసే రాతలే తప్ప వానలు కావు. కాలిఫోర్నియా ఎడారిలో లెనార్డ్ నైట్ అనే ఆయన మట్టి, గడ్డి కలిపి పేర్చి, దాని మీద డబ్బాలకొద్దీ రంగులు పోసి సాల్వేషన్ మౌంటెన్ అనే రంగుల గుట్టను తయారు చేశాడు. మట్టితో చేసినా అది నిలబడిందంటే అక్కడ ఏడాదికి వంద మిల్లీమీటర్ల వాన కూడా పడకపోవడం వల్లే. ఎడారి దారుల్లో చూడదగ్గ వింతలు అన్నన్ని ఉండటానికి మనుషుల ఊహ ఎంత కారణమో, గాలిలో తేమ లేకపోవడం అంత కారణం. ఇనుము తుప్పు పట్టాలన్నా, గోడ పెచ్చులూడాలన్నా, కర్ర కుళ్లాలన్నా ముందు నీరు ఉండాలి.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురైన చోటికి వద్దాం. సింగపూర్‌లో లిటిల్ ఇండియా, దాని నడుమ సెరంగూన్ రోడ్డు. భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీ కూడా దూరం లేని ఊరు. ఏడాదికి సగటున 2,100 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అంటే ఆంధ్రప్రదేశ్ సగటుకు రెండింతలు. గాలిలో తేమ సగటున ఎనభై శాతం పైనే. ఇలాంటి చోట ఇటుక, సున్నం, కర్రలతో కట్టిన ఇళ్లు వందేళ్లకు పైగా ఎలా నిలిచాయి?

ముస్తఫా దుకాణంలో సామాను కొనుక్కుని, వీరమాకాళి అమ్మవారి గుడిలో దణ్ణం పెట్టుకుని, టెక్కా మార్కెట్‌లో కరివేపాకు తీసుకుని వెళ్లే మన తెలుగువాళ్లు వేలమంది ఆ దారిలోనే నడుస్తుంటారు. కొట్ల ముందు కప్పున్న నడవా, ఇంటి మధ్యలో కప్పు లేని జాగా, కిటికీల మీద సన్నటి రెక్కల తలుపులు, సున్నపు గోడలు వాళ్లకు రోజూ కనపడేవే. అలంకారంగా కనిపించే వీటిలో చాలా భాగం ఎండకూ నీటికీ కట్టడం చెప్పిన జవాబులు. వాటిలో అన్నిటికంటే గొప్పది గోడకు పూసిన సున్నమని నా నమ్మకం. అక్కడికి చేరేముందు చెమట గురించి కొంచెం మాట్లాడుకోవాలి.

ఆరని చెమట

పల్నాడులో ఎండాకాలం 44 డిగ్రీలు చూసినవాడు సింగపూర్‌కు వచ్చి 31 డిగ్రీల దగ్గర నీరసపడిపోతాడు. థర్మామీటరు తక్కువే చెబుతుంది, ఒళ్లు మాత్రం ఒప్పుకోదు.

ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆరిపోవడం. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది చర్మం నుంచి తీసుకుంటుంది. చుట్టూ గాలి పొడిగా ఉంటే ఆవిరి ఎంతైనా అందులో కలిసిపోతుంది. గాలిలో ఇప్పటికే తేమ నిండుగా ఉంటే కొత్త ఆవిరికి చోటు తక్కువ. చెమట చర్మం మీదే నిలిచి, కారి, చొక్కా తడుపుతుంది గానీ వేడిని తీసుకుపోదు.

తడిబట్ట లెక్క

థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలికి పెడితే, నీరు ఆవిరవుతూ బల్బును చల్లబరుస్తుంది. అది ఎంతవరకు దిగుతుందో అదే ఆ గాలిలో నీటితో సాధించగల చల్లదనానికి హద్దు. ఎడారిలో 42 డిగ్రీల వేడి, 15 శాతం తేమ ఉన్నప్పుడు అది సుమారు 22 డిగ్రీలకు దిగుతుంది. అంటే 20 డిగ్రీల లాభం. సింగపూర్‌లో 31 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం అదే తడిగుడ్డ 27 దగ్గర ఆగిపోతుంది. లాభం నాలుగు డిగ్రీలే. రాజస్థాన్‌లో హాయినిచ్చే గడ్డి పలకల కూలరు విశాఖపట్నంలో గదిని జిగటగా మార్చడానికీ కారణం ఇదే.

ఇరాన్‌లోని యజ్ద్ నగరంలో ఇళ్ల మీద గాలి బురుజులు కట్టి, పైగాలిని లోపలికి దించి, కింద నీటి మీదుగా పోనిచ్చి ఇల్లు చల్లబరుచుకునేవారు. సెరంగూన్ రోడ్డు మీద ఆ ఉపాయం చెల్లదు. ఇక్కడ మిగిలిన దారులు మూడే. ఎండను గోడ మీద పడనివ్వకపోవడం, గాలిని కదుపుతూ ఉండటం, గోడలోకి చేరిన నీటిని తిరిగి బయటికి పంపడం.

ఐదడుగుల నీడ

సింగపూర్‌లో బ్రిటిష్ స్థావరం నెలకొల్పిన స్టాంఫర్డ్ రాఫెల్స్ 1822 నవంబరులో అక్కడి పట్టణ కమిటీకి కొన్ని ఆదేశాలు ఇచ్చాడు. వాటిలో ఒకటి, ప్రతి ఇంటి ముందూ వరండా ఉండాలి, అది ఎప్పుడూ తెరిచి ఉండాలి, ఒక ఇంటి వరండా పక్కింటి వరండాతో కలిసి వీధి పొడవునా కప్పున్న దారి కావాలి అని. తర్వాతి కాలంలో దాన్నే ఐదడుగుల దారి అన్నారు. మలయ్ భాషలో కాకి లిమా. నిజానికి చాలాచోట్ల వెడల్పు ఐదడుగుల కంటే ఎక్కువే. కొట్లవాళ్లు అందులో సరుకు పరిచేసేవారు. దారి ఖాళీ చేయించాలని 1888లో మున్సిపాలిటీ ప్రయత్నిస్తే ఊళ్లో అల్లర్లు జరిగాయి. బఫెలో రోడ్డులో ఇవాళ కూడా అరటి ఆకులు, కొబ్బరికాయలు, పూలదండలు ఆ నీడలోకే జరిగి ఉంటాయి. మనిషి పక్కకు తిరిగి నడవాలి.

ఈ వెడల్పులో లెక్క ఉంది. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు మధ్యాహ్నం వేళ ఎప్పుడూ నడినెత్తికి దగ్గరగానే ఉంటాడు. సింగపూర్‌లో ఏడాదిలో ఏ రోజైనా మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 65 డిగ్రీల కంటే తగ్గదు. గోడ నేరుగా సూర్యుడి వైపు తిరిగి ఉన్నా, దాని ముందు ఒకటిన్నర మీటర్ల కప్పు ఉంటే, కప్పు అంచు నీడ గోడ మీద మూడు మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. అంటే కింది అంతస్తు గోడ దాదాపు మొత్తం నీడలోనే ఉంటుంది. అదే ఒకటిన్నర మీటర్ల వసారా విజయవాడలో దక్షిణం వైపు వేస్తే డిసెంబరు మధ్యాహ్నం నీడ 1.8 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. మనకు అది మంచిదే, చలికాలం కాస్త ఎండ లోపలికి రావాలి కదా. సింగపూర్‌కు చలికాలమే లేదు.

వానకూ లెక్క చూద్దాం. పెద్ద చినుకు సెకనుకు ఎనిమిది తొమ్మిది మీటర్ల వేగంతో పడుతుంది. మూడు మీటర్ల ఎత్తున్న చూరు అంచు దాటి నేలను తాకడానికి దానికి సెకనులో మూడో వంతు చాలు. గాలి సెకనుకు రెండు మీటర్ల వేగంతో వీస్తుంటే ఆ కాస్త వ్యవధిలో చినుకు పక్కకు జరిగేది ముప్పావు మీటరు లోపే. మామూలు వానలో మీరు గోడ వైపు నడిస్తే తడవరు. అయితే ఏప్రిల్ నుంచి నవంబరు మధ్య, తెల్లవారుజామునో పొద్దునపూటో, మలక్కా జలసంధి మీదుగా వచ్చే గాలివానలు వేరు. సుమత్రా స్క్వాల్స్ అంటారు వాటిని. గంటకు 40 నుంచి 80 కిలోమీటర్ల ఈదురుగాలి వాటితో వస్తుంది. అప్పుడు చినుకు ఐదడుగులను తేలిగ్గా దాటి గోడను కొడుతుంది. కొట్ల ముందు స్తంభాల మధ్య వెదురు చాపలు, గుడ్డ తెరలు వేలాడదీయడం దానికోసమే. వాలుగా వచ్చే సాయంత్రపు ఎండకూ అవే అడ్డు.

ఒంటిగంటకు మిట్టమధ్యాహ్నం

సెరంగూన్ రోడ్డుకు తూర్పున డన్లప్ స్ట్రీట్‌లో అబ్దుల్ గఫూర్ మసీదు ఉంది. ఇప్పుడున్న కట్టడం పని 1907లో మొదలైంది. దాని ముఖద్వారం పైన ఎండగడియారంగా చెప్పుకునే సూర్యబింబం ఒకటి చెక్కారు. 25 కిరణాలు, ఒక్కో కిరణంలో ఒక్కో ప్రవక్త పేరు అరబిక్ లిపిలో. అది వేళ చూపడానికి పెట్టింది కాదు, అలంకారం. కానీ దాని కింద నిలబడి నీడల గురించి ఆలోచించడం మొదలుపెడితే ఈ ఊరి విచిత్రం ఒకటి బయటపడుతుంది.

ఇక్కడ సూర్యుడు సగం ఏడాది ఉత్తరం వైపు, సగం ఏడాది దక్షిణం వైపు ఉంటాడు. మార్చి, సెప్టెంబరు నెలల మూడో నాలుగో వారాల్లో నిటారుగా నడినెత్తికి వచ్చి మీ నీడను మీ కాళ్ల కిందే దాచేస్తాడు. హైదరాబాద్‌లో నీడ మాయమయ్యే రోజులు మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో వస్తాయి. సింగపూర్‌లో గోడకు నిజంగా ఎండగడియారం పెడితే, అది దక్షిణం గోడైతే జూన్‌లో పనిచేయదు, ఉత్తరం గోడైతే డిసెంబరులో పనిచేయదు.

ఇంకొకటి. ఆ ఊళ్లో చేతి గడియారం పన్నెండు చూపినప్పుడు సూర్యుడు ఇంకా పైకి ఎక్కుతూనే ఉంటాడు. మిట్టమధ్యాహ్నం సగటున ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకు. ఫిబ్రవరిలో 1.19 దాకా పోతుంది, నవంబరు మొదట్లో 12.48కే వస్తుంది. ఊరు ఉన్న రేఖాంశం ప్రకారం గ్రీనిచ్ కంటే 6 గంటల 55 నిమిషాలే ముందు ఉండాలి. 1981 వరకు ఏడున్నర గంటలు ముందు ఉండేది. తన రెండు భాగాలకూ ఒకే సమయం ఉండాలని మలేషియా గడియారం అరగంట ముందుకు జరుపుకుంటే, పక్కనున్న సింగపూర్ కూడా జరుపుకుంది. 1981 డిసెంబరు 31 రాత్రి పదకొండున్నర కాగానే కొత్త ఏడాది వచ్చేసింది. ఆ అరగంట ఇప్పటికీ ఎండలో తెలుస్తుంది. భోజనానికి పన్నెండున్నరకు బయలుదేరినవాడు తిని తిరిగొచ్చేటప్పుడే అసలు ఎండ. మన కాకినాడ సంగతి దీనికి పూర్తిగా వేరు. భారత కాలమానానికి కొలతగా తీసుకున్న 82.5 డిగ్రీల రేఖాంశం దాని పక్కనుంచే పోతుంది. అక్కడ గడియారం పన్నెండూ సూర్యుడి పన్నెండూ ఏడాది సగటున ఇంచుమించు కలుస్తాయి.

ఇంటి మధ్యలో ఆకాశం

ఇక్కడి కొట్టు ఇళ్లు వీధి వైపు సన్నగా ఉండి లోపలికి చాలా దూరం పోతాయి. ముఖం వెడల్పు ఐదారు మీటర్లు, లోతు దానికి మూడు నాలుగు రెట్లు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. రెండు పక్కలా గోడలు పొరుగింటితో ఉమ్మడి కాబట్టి అటువైపు కిటికీలు పెట్టలేరు. మరి ఇంటి మధ్య గదికి గాలీ వెలుతురూ ఎలా? మధ్యలో కొంత కప్పు తీసేసి ఆకాశానికి వదిలేస్తారు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు చూసినవాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు. నాలుగువైపులా పెంకుల కప్పు లోపలికి వాలి, వాన నీరు నడిమి గుంటలో పడి, తూము గుండా బయటికి పోయే ఆ ఏర్పాటే ఇక్కడ చిన్న గాలిబావిగా కుదించుకుంది.

అది పనిచేసే తీరు ఇది. ఇంట్లో పొయ్యి, మనుషులు, వేడెక్కిన పెంకులు గాలిని వెచ్చబెడతాయి. వెచ్చని గాలి తేలికై గాలిబావి గుండా పైకి పోతుంది. ఆ ఖాళీని నింపడానికి నీడలో ఉన్న ఐదడుగుల దారి నుంచి కాస్త చల్లటి గాలి లోపలికి వస్తుంది. తలుపు మూసినా గాలి ఆగకూడదని తలుపుల పైన కన్నాల పలకలు, కిటికీలకు వాలు రెక్కలు పెట్టారు. వాన వాలుగా వచ్చినా రెక్కల మీంచి జారిపోతుంది, గాలి మాత్రం దూరుతుంది. ఈ గాలి ఉష్ణోగ్రతను పెద్దగా తగ్గించదు, దాన్నుంచి అంత ఆశించకూడదు. ఒంటి మీదుగా సెకనుకు ఒక మీటరు వేగంతో గాలి కదిలితే రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టు అనిపిస్తుంది. తేమ నిండిన ఊళ్లో అది తక్కువ కాదు.

ఏసీలు వచ్చాక చాలా ఇళ్లలో గాలిబావికి అద్దం బిగించేశారు. అప్పుడు వెలుతురు వస్తుంది, వేడి కూడా లోపలే నిలుస్తుంది, దాన్ని బయటికి తోయడానికి కరెంటు కాలుతుంది.

గేదెల సంగతి

లిటిల్ ఇండియాలో కెర్బావు రోడ్డు, బఫెలో రోడ్డు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ గేదె పేరు మీద వెలిసినవే. 19వ శతాబ్దంలో రోచోర్ వాగు పక్క పల్లపు నేలలో నీరు, పచ్చిక ఉండటంతో పశువుల వ్యాపారం ఇక్కడ పాతుకుంది. గేదెకు ఆవుతో పోలిస్తే స్వేద గ్రంథులు చాలా తక్కువ, పైగా నల్లటి తోలు ఎండను పీల్చుకుంటుంది. ఆవిరి మీద ఆధారపడే దారి దానికి సరిపోదు కాబట్టి నీళ్లలోనే పడుకుంటుంది. కదలని గాలితో పోలిస్తే నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా వేగంగా మోసుకుపోతుంది. తేమ నేల మీద ఈ వ్యాపారం సాగడానికి ఆ బురదగుంటలే ఆధారం.

సున్నపు ఊరు

సెరంగూన్ రోడ్డు మీద 141 నంబరులో ఉన్న వీరమాకాళి అమ్మవారి గుడిని వెనకటి తమిళులు సున్నాంబు కంబం కోవిల్ అనేవారు. సున్నపు ఊళ్లో గుడి అని. 19వ శతాబ్దంలో ఈ దారి పొడవునా సున్నపు బట్టీలు, ఇటుక బట్టీలు ఉండేవి. ఇవాళ నగలూ చీరలూ మెరిసే చోట ఒకప్పుడు పొగ, తెల్లటి ధూళి ఉండేవన్నమాట. సింగపూర్ కట్టుబడికి కావలసిన సరుకులో పెద్ద వాటా ఇక్కడే తయారైంది.

ఆ పనిచేసిన వాళ్లలో చాలామంది ఖైదీలు. 1825 నుంచి 1873 వరకు ఈస్టిండియా కంపెనీ, దాని తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశం నుంచి శిక్షపడినవాళ్లను సింగపూర్‌కు పంపి రోడ్లు, వంతెనలు, భవనాలు కట్టించాయి. వాళ్లు కాల్చిన ఇటుకలకు 1867లో ఆగ్రా ప్రదర్శనలో వెండి పతకం వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చినవాళ్లు తమతో పాటు సున్నపు పనితనం తెచ్చారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోవే. గుల్ల సున్నం, గానుగలో నూరిన డంగు సున్నం, అద్దంలా మెరిసే గచ్చు మన తాతల ఇళ్లలో ఉన్న సంగతులే కాబట్టి, ఈ వారసత్వంలో మనకూ భాగం ఉందని ధైర్యంగా అనుకోవచ్చు.

వాళ్ల పనితనానికి పెద్ద సాక్ష్యం లిటిల్ ఇండియాకు కొద్ది దూరంలోనే ఉన్న సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్. 1856లో మొదలుపెట్టి ఖైదీల చేత కట్టించారు. లోపలి గోడలకు పూసింది మద్రాసు చూనం. ఖైదీల పనులు చూసిన అధికారుల్లో ఒకడైన మక్‌నయర్ 1899లో తన పుస్తకంలో ఆ తయారీ రాసిపెట్టాడు. ఇసుక కలపని గుల్ల సున్నానికి కోడిగుడ్ల తెల్లసొన, ముతక బెల్లం వేసి ముద్దగా చితక్కొట్టి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లతో కలిపి గోడకు పూసేవారు. అది ఆరాక స్ఫటికపు ముక్కతోనో నున్నటి గుండ్రాయితోనో మెరుపు వచ్చేదాకా రుద్ది, మధ్యమధ్య సన్నటి బలపపు రాతి పొడి చల్లేవారు.

వంటల పుస్తకంలోది లాంటి ఈ వరుసలో ప్రతిదానికీ పని ఉంది. గుల్లలు, ఆల్చిప్పలు, పగడపు రాయి, సున్నపురాయి అన్నీ ఒకే పదార్థం. దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులో బంధించి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. వంద కిలోల గుల్లలకు మిగిలేది సుమారు 56 కిలోల పొడి సున్నం. దానికి నీళ్లు తగిలించగానే బుసబుసా పొంగి, ఉడికి, మెత్తటి ముద్ద అవుతుంది. ఆ ముద్దను గోడకు పూస్తే అసలు పని అప్పుడు మొదలవుతుంది. బట్టీలో పోగొట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను అది గాలి నుంచి నెమ్మదిగా వెనక్కి తీసుకుని, నెలల తరబడి, మందంగా ఉంటే ఏళ్ల తరబడి, తిరిగి రాయిగా మారుతుంది. సముద్రంలో గుల్లగా ఉన్నదే గోడ మీద రాయిగా మళ్లీ పుడుతుంది.

తేమకు ఇక్కడ ఒక మంచి పాత్ర ఉంది. ఈ మార్పు జరగాలంటే సున్నం రంధ్రాల్లో పల్చటి నీటి పొర ఉండాలి, ఎందుకంటే గాలిలోని వాయువు ముందు ఆ నీటిలో కరిగితేనే సున్నంతో కలుస్తుంది. ఎడారిలో పూత త్వరగా ఎండిపోతే గట్టిపడటం మధ్యలో ఆగి పొడిపొడిగా రాలుతుంది. మరీ తడిసిపోయి రంధ్రాలు నీటితో నిండిపోతే వాయువుకు దారి లేక అప్పుడూ ఆగుతుంది. వాన నేరుగా కొట్టని నీడ, నిత్యం తేమగాలి ఉన్న చోటు సున్నానికి బాగా అనుకూలం. ఐదడుగుల దారి గోడకు ఇస్తున్నది సరిగ్గా అదే.

బెల్లంలోని చక్కెర వల్ల సున్నం నీటిలో మామూలు కంటే ఎక్కువగా కరుగుతుంది, మిశ్రమం సమంగా అల్లుకుంటుంది. తెల్లసొనలోని మాంసకృత్తులు రేణువులను పట్టి ఉంచి, నీరు తేలిగ్గా దూరకుండా చూస్తాయి. పీచు నీళ్లలో టానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి. మన మేస్త్రీలు కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపినది కూడా వాటికోసమే. పూత జారుగా వచ్చి, మెల్లగా బిగుసుకుని, పగుళ్లు తగ్గుతాయి. రాయితో రుద్దడం వల్ల పైపొర నొక్కుకుపోయి రంధ్రాలు సన్నబడతాయి. లోపలి ఆవిరి బయటికి రాగలిగేంత సందు మిగిలే ఉంటుంది. గోడ మన్నికంతా ఆ సందులోనే ఉంది.

సిమెంటు పూసిన చోట

రోచోర్ వాగు పరిసరాలు పల్లపు నేల. పాత ఇళ్ల పునాదుల్లో చెమ్మను ఆపే పొర లేదు. ఇటుకలోని సన్నటి రంధ్రాల గుండా నేలలోని నీరు దానంతటదే పైకి పాకుతుంది, తనతో పాటు నేలలోని లవణాలనూ తెస్తుంది. సున్నపు పూత ఉన్న గోడలో ఆ నీరు ఉపరితలం దాకా వచ్చి ఆవిరైపోతుంది. అడుగున కాస్త తెల్లటి ఉప్పు తేలుతుంది, పైపూత కొంచెం రాలుతుంది, మళ్లీ సున్నం వేసుకుంటే సరిపోతుంది. ఇటుక మాత్రం క్షేమం.

ఇది చూసి ఇల్లుగలాయన సున్నం పాతబడిందనుకుని గట్టిగా ఉంటుందని సిమెంటు పూయిస్తాడు. పైన ప్లాస్టిక్ రంగు వేయిస్తాడు. నూలు చొక్కా విప్పి గోడకు రెయిన్‌కోటు తొడగడమే ఇది. బయటి వాన రాదు, లోపలి చెమ్మ పోదు. నేల నుంచి వచ్చే నీరు ఆగలేదు కాబట్టి అది దారి వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతుంది. సిమెంటు వెనక ఎక్కడ ఆరే వీలుంటే అక్కడ లవణాలు స్ఫటికాలుగా పేరుకుంటాయి. స్ఫటికం పెరిగేటప్పుడు ఇరుకు రంధ్రాన్ని బలంగా తోస్తుంది. తడిసి, ఆరి, మళ్లీ తడిసే ప్రతిసారీ ఆ తోపు జరుగుతుంది. చివరికి ఇటుక ముఖమే పొడిగా మారి సిమెంటు పూతతో పాటు ఊడి వస్తుంది. సిమెంటు ఇటుక కంటే గట్టిది, మెత్తటి పాత ఇటుకతో సమంగా సాగదు. ఆ తేడా వల్ల వచ్చే పగుళ్లలో వాన నీరు దూరుతుంది.

దీన్ని మీరే పట్టుకోవచ్చు. ఏ పాత ఇంటి ముందైనా ఐదడుగుల దారిలో నిలబడి మోకాలి ఎత్తులో గోడను వేళ్ల కణుపులతో తట్టండి. పూత అంటుకుని ఉంటే మొద్దు చప్పుడు, వెనక విడిపోయి ఉంటే బోలు చప్పుడు. రంగు బుడగలు కట్టిందా, స్తంభాల అడుగున తెల్లటి నూగు ఉందా చూడండి. నేల నుంచి అడుగు ఎత్తు దాకానే మచ్చ ఉంటే గోడ ఇంకా ఊపిరి తీస్తోంది, నడుము ఎత్తు దాటితే ఎక్కడో దారి మూసుకుపోయింది. మచిలీపట్నంలోనో భీమవరంలోనో తాతల నాటి ఇల్లు బాగుచేయించే ముందు ఈ పరీక్ష చేసుకోమని నేను గట్టిగా చెబుతాను. చాలా ఇళ్లకు వయసు కంటే మరమ్మతే ఎక్కువ కీడు చేసింది.

లిటిల్ ఇండియాను 1989 జులైలో పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఇలాంటి ఇళ్లను పునరుద్ధరించేటప్పుడు సిమెంటు చెక్కేసి మళ్లీ సున్నమే పూయడం, పైన ఆవిరిని అడ్డుకోని ఖనిజ రంగులు వేయడం మంచి పద్ధతి.

రంగులు, పాచి, పన్నెండేళ్లు

37 కెర్బావు రోడ్డులో టాన్ టెంగ్ నియా ఇల్లు ఈ ప్రాంతంలో ఎక్కువమంది ఫొటో తీసుకునే కట్టడం. 1900లో కట్టారు. ఆయన మిఠాయి ఫ్యాక్టరీల యజమాని. లిటిల్ ఇండియాలో మిగిలిన చైనీయుల బంగళా ఇదొక్కటే. తలుపుకో రంగు, రెక్కకో రంగుగా ఇప్పుడు కనిపించే ముస్తాబు 1980ల్లో బాగుచేయించిన తర్వాతి కాలానిది. అంతకుముందు తెలుపు, ఆకుపచ్చ మాత్రమే ఉండేవి.

ఈ ఎండలో రంగు నిలపడం చిన్న పని కాదు. అతినీల లోహిత కిరణాలు రంగు అణువుల్లోని బంధాలను తెంచేస్తాయి. తెగిన అణువు అదే రంగును ఇక చూపలేదు. సేంద్రియ రసాయనాలతో చేసిన చాలా ఎరుపులు, పసుపులు ముందు వెలిసిపోతాయి. ఇనుప ఆక్సైడుతో వచ్చే కావి రంగు అప్పటికే పూర్తిగా ఆక్సీకరణం చెందిన ఖనిజం కాబట్టి ఎండకు చలించదు. పాత గోడల మీద కావి, పసుపు మన్ను రంగులే చివరిదాకా మిగలడానికి కారణం ఇది.

వాన కొట్టే గోడల మీద కొన్నిచోట్ల నారింజ రంగు మరకలు కనిపిస్తాయి. తుప్పు నీళ్లు కారాయేమో అనుకుంటాం. చాలాసార్లు అది ట్రెంటిపోలియా అనే పాచి. ఆకుపచ్చ జాతిదే అయినా, ఎండ నుంచి కాపాడుకోవడానికి క్యారెట్‌లో ఉండేటటువంటి రంగు పదార్థాన్ని తనలో నింపుకుంటుంది. సింగపూర్ భవనాల మీద దీని గురించి పరిశోధకులు 1980 నాటి నుంచే రాస్తున్నారు. కొత్తగా వేసిన సున్నం ఘాటు క్షారం కాబట్టి పాచిని రానివ్వదు. గాలితో కలిసి రాయిగా మారేకొద్దీ ఆ ఘాటు తగ్గి, కొన్నేళ్లకు పాచి పడుతుంది. మనవాళ్లు సంక్రాంతికో పెళ్లికో ఏటా వెల్ల వేయించడం అందం కోసమే అనుకుంటాం గానీ, గోడకు అది మందు కూడా.

సెరంగూన్ రోడ్డు మీదే, 397 నంబరులో, 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. 20 మీటర్ల గాలిగోపురం తర్వాతి కాలంలో వచ్చింది. దాని మీది బొమ్మలు ఏ కప్పు నీడా లేకుండా ఆ ఎండకు, ఆ వానకు నిలబడాలి. ఐదడుగుల దారి వాటికి లేదు, గాలిబావి లేదు. వాటికున్న రక్షణ క్యాలెండరు. సుమారు పన్నెండేళ్లకోసారి కుంభాభిషేకం అనే సంప్రదాయం ప్రకారం గోపురానికి పరంజా కట్టి, విరిగిన వేళ్లు, ఆయుధాలు అతికి, పగుళ్లు పూడ్చి, రంగులన్నీ కొత్తగా వేస్తారు. చెమ్మ లోపలికి పోయి ఇనుప ఊచలను తుప్పు పట్టించేలోగా పగులు దొరుకుతుంది. ఇంజనీర్లు నిర్వహణ చక్రం అని పిలిచేదాన్ని గుడి ఆచారంలోనే కలిపేసింది. పెరుమాళ్ గుడిలో ఈమధ్య అది 2018 ఏప్రిల్‌లో జరిగింది. ఆ లెక్కన మళ్లీ పరంజా లేచేది 2030 ప్రాంతంలో. అప్పుడు అటు వెళ్లేవాళ్లు గోపురం కనపడలేదని వెనుదిరగకుండా, వీలైతే కింద నిలబడి మేస్త్రీలు ఏ పూత గీకి ఏది పూస్తున్నారో చూడండి.